అక్క పేరు మీద అరవై డబ్బాలు

నేను దేన్నీ తొందరగా నమ్మను. గొప్ప కోసం చెప్పడం లేదు, మా ఇంట్లో దీన్ని జబ్బు కిందే లెక్కగడతారు. ఈరోజు వాన పడుతుందని ఫోను చెబితే గొడుగు కావాలనే ఇంట్లో వదిలిపెట్టి పోతాను. తడిసి ముద్దయి వచ్చాక కూడా ఒప్పుకోను. వాన తన పని మీద తాను వచ్చింది, ఫోను పిలిస్తే రాలేదు అంటాను. మా ఇంటామె తువ్వాలు నా మీదికి విసిరి, "కనీసం గొడుగునన్న నమ్మరాదూ" అంటుంది.

బేగంబజారులో ఒక స్టీలు సామాన్ల దుకాణం మెట్ల పక్కన నా ముక్కాలి పీట ఉంటుంది. దుకాణంలో గిన్నెలు కొన్నవాళ్ళు నా దగ్గరికి వస్తే వాటి మీద పేరు కొట్టి ఇస్తాను. పెళ్ళికి పెట్టే బిందె మీద, గృహప్రవేశానికి ఇచ్చే పళ్ళెం మీద, గుడికి ఇచ్చే గంగాళం మీద ఎవరు ఇచ్చారో రాసి ఉండాలి. మనవాళ్ళకు ఇవ్వడం ఎంత ముఖ్యమో, ఇచ్చినట్టు నలుగురికీ తెలియడం అంతకంటే కొంచెం ఎక్కువ ముఖ్యం. ఆ రెండో పని నాది. ముప్పై ఏళ్ళు దాటింది.

మొదట్లో చిన్న ఉలి, చిన్న సుత్తి పెట్టుకుని చుక్క చుక్కగా కొట్టేవాణ్ణి. తర్వాత కరెంటు కలం వచ్చింది. గుయ్యిమంటుంది, కొద్దిగా చేయి అదురుతుంది, పని పది రెట్లు తొందరగా అవుతుంది. దాన్ని నేను ఆరు నెలలు నమ్మలేదు. ఇప్పుడు ఎవరైనా దాన్ని మిషను అంటే కోపం వస్తుంది. అది మిషను కాదు, నా వేలు. నేను అలవాటు పడ్డది ఏదీ మిషను కిందికి రాదు, నాకు అలవాటు కానిదంతా మిషనే. ఈ సిద్ధాంతంలో లోపం ఉందని మా కొడుకు చాలాసార్లు చెప్పాడు. వాడినీ నేను పూర్తిగా నమ్మను.

నా పక్కన, గోడ నీడలో, కళాయి వేసే భాయ్ కూర్చుంటాడు. ఇత్తడి, రాగి గిన్నెలను నిప్పుల మీద కాల్చి, నవసాగరం చల్లి, లోపల తగరం పూస్తాడు. ఆ పొగకు ఆయనా నేనూ కలిసి పాతికేళ్ళుగా దగ్గుతున్నాం. ఆయన కూడా దేన్నీ నమ్మడు, కానీ ఆయన అపనమ్మకం వేరు. లోకంలో జరిగేదంతా పెద్దవాళ్ళు ముందే కూర్చుని మాట్లాడుకుని చేసింది అంటాడు. నాకేమో ఎవరైనా ఏదైనా ముందు ఆలోచించి చేస్తారన్న నమ్మకమే లేదు. ఈ చిన్న తేడా మీద మేము రోజూ పొద్దున పదకొండు నుంచి సాయంత్రం దాకా వాదించుకుంటాం.

ఒకరోజు భాయ్ తన ఫోనులో మనిషిలా మాట్లాడేది ఒకటి వేయించుకుని వచ్చాడు. ఏం అడిగినా చెబుతుందట.

"పూఛో అన్నా, నువ్వే అడుగు" అన్నాడు.

స్టీలు గిన్నె మంచిదా, ఇత్తడి గిన్నె మంచిదా అని అడిగాను. స్టీలు మంచిదని, ఎందుకు మంచిదో కూడా వివరంగా చెప్పింది. భాయ్ ముఖం మాడ్చుకుని, ఇత్తడి మంచిది కదా అన్నాడు. అది వెంటనే క్షమాపణ కోరింది. మీరు చెప్పింది ఎంతో సరైన మాట, ఇత్తడికి సాటి లేదంది. నేను మళ్ళీ స్టీలు అన్నాను. మీ పరిశీలన కూడా అద్భుతంగా ఉందంది.

"గిట్ల ఎటు కూసుంటే అటు మాట్లాడేటోన్ని మన బజార్ల ఏమంటరు భాయ్?" అని అడిగాను.

"దలాల్" అన్నాడు భాయ్, ఫోను జేబులో పెట్టుకుంటూ. ఆ ఒక్క విషయంలోనే పాతికేళ్ళలో మాకు మాట కలిసింది.

ఇక దేశాల మధ్య వ్యాపారం సంగతి. దాని గురించి మాకు తెలిసింది ఎవరూ అడగలేదు కాబట్టే ప్రపంచం ఇలా ఉంది. ఎక్కడో ఒక పెద్ద దేశం మన సరుకు మీద పన్ను పెంచిందని వార్త వస్తే మా దుకాణం సేఠు గిన్నెల ధర పెంచుతాడు. తగ్గించిందని వార్త వస్తే, ఇది పాత సరుకు, పాత ధరకు కొన్నది అని అదే ధరకు అమ్ముతాడు. నాకు తెలిసిన అర్థశాస్త్రం అంతే, ఇంతవరకు అది తప్పింది లేదు. మధ్యలో గిన్నెల మీద ప్రభుత్వం వారి నాణ్యత గుర్తు ఉండాలని వచ్చింది. మంచిదే, కాదనను. కానీ ఆ గుర్తును సరిగ్గా నేను పేరు కొట్టే చోటే వేస్తారు. గిన్నె ఇచ్చినవాడి పేరు పక్కకు జరిగి, గిన్నె మంచిదని చెప్పినవాడి గుర్తు నడిమధ్యకు వచ్చింది. ఈ సంగతి మీద భాయ్ నాలుగు రోజులు మాట్లాడాడు.

ఇలాంటి రోజుల్లో మా అక్క నా పీట దగ్గరికి వచ్చింది.

అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. హుస్సేనీ ఆలంలో మా ఇంటికి రెండు సందుల అవతల ఉంటుంది. మా బావ చిన్న వయసులోనే పోతే, ఆయన పని చేసిన ప్రభుత్వ రంగ ఆఫీసులోనే అక్కకు అటెండరు ఉద్యోగం ఇచ్చారు. అప్పటినుంచి ఫైళ్ళు మోసింది, చాయ్ అందించింది, సార్లు మారినా తాను మారకుండా పని చేసింది. బజారుకు ఎప్పుడొచ్చినా నా పీట దగ్గర నిలబడే మాట్లాడి పోయేది. ఆ రోజు మాత్రం సేఠును అడిగి కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఏదో పెద్ద సంగతే అనుకున్నాను.

"తమ్మీ, ఈ నెలాఖర్ల నా నౌకరి అయిపోతది" అంది. "ఆఫీసోళ్ళకు తలా ఒక టిఫిను డబ్బ ఇద్దామనుకుంటున్న. అరవై. మీద పేరు కొట్టియ్యాలె."

"గదెంత పని అక్కా. పైన బావ పేరు పెడ్త, కింద..."

"బావ పేరు వద్దు."

"అయితే కొడుకు పేరు పెడుదామా?"

"నా పేరు రా. నాకొక పేరున్నది, మర్చినవా?"

నిజం చెప్పాలంటే మర్చిపోలేదు. కానీ ఒక్క క్షణం వెతుక్కోవాల్సి వచ్చింది. పుట్టినప్పటినుంచి అక్కా అని తప్ప పిలవనివాడికి పేరుతో పనేముంటుంది? అక్క నా ముఖం చూసింది, నేను వెతుక్కుంటున్నానని అర్థమైంది.

"నా ఇంట్ల గిన్నెలన్నిటి మీద నాయిన పేరున్నది, మీ బావ పేరున్నది, కొడుకు పేరున్నది. అన్నీ నువ్వే కొట్టినవ్. పక్కింటాయన పేరున్న చెంబు సుత ఉన్నది, అదెట్లొచ్చిందో తెల్వదు. నా పేరు ఒక్కదాని మీద లేదు. ఆఫీసుల అందరు అమ్మా అంటరు. హాజరు పట్టీల ఉండేది నా పేరు, అది తీసేసి వేలు పెట్టే మిషన్ తెచ్చిండ్రు. వేలు పెడ్తే థాంక్యూ అంటది. అందరికీ గదే అంటది."

అక్క చెప్పిన గిన్నెలన్నీ నిజంగా నేను కొట్టినవే. కొనుక్కునేటప్పుడు పక్కన అక్కే నిలబడి ఉండేది, ఎవరి పేరు అని అడగకుండానే నేను కొట్టేసేవాణ్ణి.

"నీకు తీరిక లేకుంటే చెప్పు. సందు మలుపుల కొత్తగ లేజర్ మిషన్ పెట్టిండు గద, ఆడ కొట్టిస్త" అంది అక్క.

ఆ మాటతో నాకు రోషం వచ్చింది. కరెంటు కలం పక్కన పెట్టి, భాయ్‌కి కూడా వినబడేంత గొంతుతో మాట్లాడాను.

"మిషన్‌కు బుద్ధుంటదా అక్కా? ఒక్క తప్పు పోయిందనుకో, అరవై డబ్బలకు గదే తప్పు కొట్టుకుంట పోతది. మనిషైతే రెండో డబ్బకే ఆగుతడు. నేను కొడ్త. నీ పేరు నేను గాక ఎవలు కొడ్తరు?"

"సహీ బాత్" అన్నాడు భాయ్ పొగలోంచి.

అక్క సంతోషపడింది. పేరూ, కింద 'గారి పదవీ విరమణ సందర్భంగా' అన్న వరుసా ఒక కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసి ఇచ్చింది. ఫోనులో పంపితే చాలదా అని భాయ్ అడిగితే, ఫోనులో వచ్చిన పేరును నేను కొట్టనన్నాను. కాగితం భద్రంగా చొక్కా జేబులో పెట్టుకున్నాను. పని అయిపోయేదాకా అది జేబులోనే భద్రంగా ఉంది. అదే పొరపాటు.

డబ్బాలు కొట్టాల్సిన రోజుకు ముందు మూడు రోజులు నేను ఒకే పని మీద ఉన్నాను. ఎవరో పెద్దాయన పోతే దశదినకర్మలో పంచడానికి వాళ్ళ ఇంటివాళ్ళు గ్లాసులు తీసుకున్నారు. ఆ గ్లాసులన్నిటి మీదా ముందు కీ.శే. అని పెట్టి, ఆ తర్వాత ఆయన పేరు. నాలుగో రోజు మధ్యాహ్నం ఆఖరి గ్లాసు పూర్తిచేసి, అన్నం తిని, చేయి కడుక్కుని, అక్క డబ్బాలు ముందు పెట్టుకున్నాను. అప్పుడే భాయ్ వార్త మోసుకొచ్చాడు.

ఆ పెద్ద దేశం మళ్ళీ పన్ను వేసిందట. కాదు, వేస్తానని చెప్పి ఆపిందట. ఆపి, మళ్ళీ వేస్తానందట.

"అంతా నాటకం అన్నా" అన్నాడు భాయ్. "నువ్వు లొల్లి చేసినట్టు చెయ్, నేను ఏడ్చినట్టు చేస్త అని ముందే మాట్లాడుకున్నరు. మన ఎదురుంగ అన్నదమ్ములు రెండు దుకాన్లు పెట్టి గిరాకి ముంగట కొట్లాడ్తరు సూడు, పొద్దుమీకితే ఒకే బండి మీద ఇంటికి పోతరు. సేమ్ గట్లనే."

"అంత తెల్వి ఉంటే దేశం ఎందుకు నడుపుతరు భాయ్, దుకాన్ పెట్టుకుంటరు గద" అన్నాను నేను, మొదటి డబ్బా ఒళ్ళోకి తీసుకుని.

తల మీది మూట దించి సేదతీరుతున్న ఒక హమాలీ కూడా వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. అయితే మీరే చెప్పుండ్రి ఏం చేయాలె అన్నాడు. నన్ను ఈ ప్రశ్న ఇంతవరకు ఏ ప్రభుత్వమూ అడగలేదు. నేను చాలా ఏళ్ళుగా సిద్ధంగా ఉన్నాను.

నా విధానం ఇది. పన్నులు, గిన్నులు ఏమీ వద్దు. ఏ దేశం సరుకైనా రానివ్వాలి. కానీ సరిహద్దు దగ్గర ప్రతి వస్తువు మీదా పంపినవాడి పేరు చేత్తో కొట్టాలి. గుండుసూది మీద కూడా. అప్పుడు సరుకు నింపాదిగా వస్తుంది, ఒక్కసారి మీద పడి మన ధరలు పడగొట్టదు, ఎవడు ఏం పంపాడో తెలుస్తుంది, మనవాళ్ళకు మస్తు పని దొరుకుతుంది. భాయ్ కొంచెం ఆలోచించి, పేరు కొట్టాక కళాయి కూడా వేయాలన్నాడు, ఆరోగ్యానికి మంచిదన్నాడు. గుండుసూదికి కళాయి ఎందుకంటే, నీకు పేరెందుకో గందుకే అన్నాడు. హమాలీ, అది సరే గానీ సరిహద్దు నుంచి బేగంబజారు దాకా అన్నిటినీ తల మీదే మోయాలె, లారీలు వద్దు అన్నాడు. రెండు సవరణలూ ఏకగ్రీవంగా ఆమోదించుకున్నాం. ప్రపంచ వ్యాపారం ఒక దారికి వచ్చింది, మా ముగ్గురి బతుకులూ గట్టిపడ్డాయి.

ఈ లోపల నా చేయి తన పని తాను చేసుకుంటూ పోయింది. పాత టాంగా గుర్రానికి ఇంటి దారి తెలిసినట్టు మా చేతులకు పని తెలుసు, అందుకే మా నోళ్ళకు ఇంత తీరిక. చీకటి పడకముందే అరవై డబ్బాలూ అయిపోయాయి. సేఠు లెక్కపెట్టి, ఒక్కోదాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టించి, అట్టపెట్టెల్లో సర్దించాడు. ఇంత తొందరగా ఎట్లా చేశావన్నాడు. ఇది చేయి సేఠ్, మిషన్ కాదు అన్నాను.

అక్క పదవీ విరమణ సభ వాళ్ళ ఆఫీసులోనే, మీటింగు హాల్లో పెట్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆటోలో అట్టపెట్టెలతో పాటు ఇరుక్కుని వెళ్ళాను. అక్క నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుని వచ్చింది. వేదిక మీద ఆమెకు కుర్చీ వేశారు. ఇన్నేళ్ళుగా ఆ హాల్లో కుర్చీలు వేసిన మనిషి, కూర్చునే ముందు అలవాటుగా ఒకసారి దాన్ని కొంగుతో తుడిచింది. మెడలో గంధపు దండ వేశారు. ఇద్దరు ముగ్గురు మాట్లాడారు, అందరూ అమ్మ అమ్మ అన్నారు.

తర్వాత డబ్బాలు. మొదటిది పెద్ద సారుకు ఇచ్చింది అక్క. ఆ సారు బదిలీ మీద కొత్తగా వచ్చినవాడు, మర్యాదస్తుడు. ఊరికే తీసుకోకుండా మైకు దగ్గరికి జరిగి, డబ్బా పైకెత్తి, మీద ఉన్నది గంభీరంగా చదివాడు. అక్షరాలు పొదుపుగా ఉన్నచోట విడదీసి, నిండుగా చదివాడు.

"కీర్తిశేషులు..." అని మొదలుపెట్టి, మా అక్క పేరు, ఇంటిపేరుతో సహా, స్పష్టంగా చెప్పి, "గారి పదవీ విరమణ సందర్భంగా" అని ముగించాడు.

వెనక వరసలో ఒకాయన అప్పటిదాకా ఫోను చూసుకుంటున్నాడు. కీర్తిశేషులు అన్న మాట చెవిన పడగానే గబుక్కున లేచి, చేతులు కట్టుకుని, తల దించుకుని నిలబడ్డాడు. ఆయన్ని చూసి పక్కవాళ్ళు లేచారు. ఆఫీసులో మౌనం పాటించడం అందరికీ అలవాటే కదా, వరసలన్నీ లేచాయి. అందరూ లేచాక కూర్చుంటే బాగుండదని వేదిక మీది సార్లు లేచారు. సార్లు లేస్తే మా అక్క ఏనాడూ కూర్చోలేదు. ఆమె కూడా లేచి, గంధపు దండ సర్దుకుని, తల దించుకుని నిలబడింది. పోయిందెవరో పాపం అనే అనుకుందట, తర్వాత చెప్పింది. తన పేరు మైకులో అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు కాబట్టి, అది తనదని వెంటనే తట్టలేదట.

నాకు తట్టింది. ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాను. మూడు రోజుల గ్లాసులు, ఆ మధ్యాహ్నం, గుండుసూదులు, అన్నీ గుర్తొచ్చాయి. నేల చీలితే దూరిపోదామనుకున్నాను, కానీ నిన్న మొన్ననే వేసిన టైల్సు, చీలేలా లేవు.

చివరికి క్యాషియరమ్మ ముందు వరసలోంచి అంది. "అమ్మ ఈడనే ఉన్నది గద సార్, నిలబడ్డది సూడుండ్రి."

సారు డబ్బా వైపు చూశాడు, అక్క వైపు చూశాడు, మళ్ళీ డబ్బా వైపు చూశాడు. అందరూ అట్టపెట్టెల దగ్గరికి వచ్చి, తలా ఒకటి తీసుకుని, కవర్లు చింపి చూసుకున్నారు. నా పనిలో తేడా ఉండదు, అరవైకి అరవై ఒకేలా ఉన్నాయి. ముందు ఒకరు నవ్వారు, తర్వాత హాలంతా నవ్వింది. అక్క సారు చేతిలోంచి డబ్బా తీసుకుని, దగ్గరగా పెట్టుకుని చదివింది. నా కోసం వెతికింది. ఫ్యాను దగ్గర దొరికాను.

ఆమె మైకు పట్టుకోవడం నేను అదే మొదటిసారి చూడటం.

"గా ఫ్యాన్ సూస్తున్నోడు నా తమ్ముడు" అంది. "మిషన్లను నమ్మడు. మిషనైతే ఒకే తప్పు అరవై సార్లు చేస్తదన్నడు. గందుకే చేతితోని చేసిండు."

నవ్వులు ఆగలేదు. ఆగాక మళ్ళీ అంది. "పింఛను కావాల్నంటే ఏడాదికోపాలి బతికున్నట్టు ఫోనుకు ముఖం సూపియ్యాలె అంటున్నరు. మీకు దండం పెడ్త, గప్పుడు ఈ డబ్బ ఎవ్వలు సూపియ్యకుండ్రి."

సార్లు కూడా కళ్ళు తుడుచుకున్నారు. బతికున్న మనిషి పోయిందని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందని, ఇక్కడ ఒకటి కాదు అరవై పుకార్లు ఉన్నాయని క్యాషియరమ్మ లెక్క తేల్చింది. ఆ మాటతో డబ్బాలకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. మిగిలిన నాలుగు కూడా ఎవరో అడిగి తీసుకున్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. గండం గడిచిందనుకున్నాను.

తిరుగు ఆటోలో నయాపూల్ దాటాక అక్క మెడలోని దండ తీసి ఒళ్ళో పెట్టుకుంది. గంధపు ముక్కల్ని ఒక్కొక్కటిగా సవరిస్తోంది.

"కోపమొచ్చిందా అక్కా?" అన్నాను.

"కోపమేంది. అందరు నవ్విండ్రు, మంచిగనే ఉండె." కాసేపు బయటికి చూసింది. "గానీ తమ్మీ, ఒక్కళ్ళు సుత నా పేరు సూడలే. కీ.శే. సూసిండ్రు, నవ్విండ్రు, మూత పెట్టిండ్రు."

పత్తర్‌గట్టి రద్దీలో ఆటో ఆగిపోయింది. నాకు చాలా సిగ్గు అనిపించింది. ఆ సిగ్గు తప్పు కొట్టినందుకు కాదు. నా చేతి మీద ఎన్నో తప్పులు పోయాయి, తప్పు పోయిన చోట మేము చిన్న పువ్వో ఆకో కొట్టి కప్పేస్తాం, అది మా పనిలో మామూలే. అక్క ఈ జన్మలో నన్ను అడిగింది ఒక్కటి, ఆ ఒక్కదాన్నీ నేను చూడకుండా చేశాను. చూసే తీరిక లేకుండా సరిహద్దుల్లో గుండుసూదులు ఆపుతూ కూర్చున్నాను. డబ్బాలన్నీ వెనక్కి అడిగి తెచ్చి, కీ.శే. ఉన్నచోట పువ్వు కొట్టి ఇస్తానన్నాను.

"పువ్వు వద్దు, గివ్వు వద్దు" అంది అక్క.

మర్నాడు భాయ్‌కి చెప్పాను. ఆయన నిప్పుల మీది రాగి గిన్నె దించేసి, పట్టకారు పక్కన పెట్టాడు. ఇది లేజర్ మిషన్ వాడు చేయించిన పనే అన్నాడు. ఎలాగంటే, నిన్ను బద్నాం చేయడానికి ఆ దశదినకర్మ గ్లాసులు వాడే పంపి ఉంటాడు అన్నాడు. పోయిన పెద్దాయన కూడా అందులో ఉన్నాడా భాయ్ అన్నాను. "ఉండొచ్చు" అన్నాడు. నన్ను కాపాడటానికి ఆయన చనిపోయిన మనిషిని కూడా అనుమానించాడని అర్థమై, ఆ రోజు వాదించలేదు. సాయంత్రం లేచిపోయే ముందు మాత్రం తల వంచుకునే అన్నాడు. "నా లొల్లితోనే అయ్యింది అన్నా. ఆపాకు, మీ అక్కకు, నా తరఫున మాఫీ చెప్పు."

ఆదివారం పొద్దున కరెంటు కలం సంచిలో పెట్టుకుని అక్క ఇంటికి పోయాను. ఏం చేస్తానో నాకే తెలియదు, ఊరికే పోయాను. అక్క తలుపు తీసి, నన్ను చూసి, సంచి చూసి, లోపలికి పోయింది. అటక మీది నుంచి, అలమరలోంచి గిన్నెలు దించడం మొదలుపెట్టింది. మా నాయన పెట్టిన బిందె, బావ పేరున్న పళ్ళేలు, కొడుకు పేరున్న డబ్బాలు, ఆ పక్కింటాయన చెంబు. వంటింటి నేల నిండిపోయింది. గోడకున్న ప్లగ్గు చూపించి, పీట వేసింది.

"కొట్టు" అంది. "ముచ్చట్లు వద్దు. దేశాలు వద్దు, పన్నులు వద్దు, ఫోన్ల మాట వద్దు. నోరు మూసుకొని కొట్టు."

ఎదురుగా ఇంకో పీట వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంది. నేను మా నాయన బిందె ఒళ్ళోకి తీసుకున్నాను. ఆయన పేరు కింద జాగా ఉంది. కలం పెట్టబోయి ఆగాను. ఇది ముచ్చట కాదు, పని మాట కాబట్టి అడగొచ్చు అనుకున్నాను.

"ఇంటిపేరు ఏది పెట్టాలె అక్కా? మన ఇంటిదా, బావోళ్ళదా?"

ఎవరూ అక్కను ఈ మాట అడిగినట్టు లేదు, నేనూ అడగలేదు. డబ్బాల మీద బావోళ్ళది నేనే పెట్టేశాను. ఆమె బిందె వంక చూసింది, పళ్ళేల వంక చూసింది.

"రెండు వద్దు" అంది. "ఉత్త పేరు కొట్టు."

ముప్పై ఏళ్ళలో ఉత్త పేరు ఎవరూ అడగలేదు. మూడే అక్షరాలు. మొదటిది కొట్టి, బిందె తిప్పి చూపించాను, తల ఊపింది. రెండోది కొట్టి చూపించాను. మూడోది కూడా సరిగ్గానే వచ్చింది. అక్క బిందె తన ఒళ్ళోకి తీసుకుని, పొడి పోయేదాకా కొంగుతో తుడిచి, పేరు మీద వేలు పెట్టి పైకి చదివింది. ఇన్నేళ్ళలో ఆమె నోట ఆమె పేరు వినడం నాకు అదే మొదటిసారి.

తర్వాత బావ పళ్ళెం నా ముందుకు జరిపింది.